గుడ్డ లేని కుట్టు

మా అత్తయ్య దేవుడితో మాట్లాడాలంటే నేను మిషన్ తొక్కాలి. అది మా ఇద్దరి మధ్య ఒప్పందం. నేను పెళ్ళయి ఆ ఇంటికొచ్చిన కొత్తలోనే మొదలైంది. వంటింట్లోంచి తల బయటపెట్టి, "అమ్మాయ్, కుట్టాల్సినవి ఏమన్నా ఉన్నాయా?" అని అడిగేది. "చాలా ఉన్నాయత్తయ్యా" అనేదాన్ని. ఆవిడ చేతులు తుడుచుకుని సామాన్ల గదిలోకి వెళ్ళి లోపల గడియ పెట్టుకునేది. నేను కుట్టు మిషన్ ముందు కూర్చుని కాలు ఆడించేదాన్ని. ఆవిడ మాటలు బయటికి వినపడకుండా, మళ్ళీ గడియ తీసిన చప్పుడయ్యేదాకా ఆపకూడదు.

ఈ దొంగాటంతా మామయ్య కోసం. ఆయన తూనికల ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. దుకాణాల్లో కాటాలు సరిగ్గా తూగుతున్నాయో లేదో చూడడం ఆయన ఉద్యోగం. ఉద్యోగం పోయినా ఆ చూపు పోలేదు. ఎవరేమన్నా అంటే, "దానికి రుజువేంటి?" అనేవారు. దేవుడి మీద నమ్మకం లేనివాళ్ళందర్నీ కూడగట్టి మా ఊళ్ళో సంఘం పెట్టింది ఆయనే. మా పెళ్ళి కూడా ఆ సంఘం హాల్లోనే జరిగింది. నాకు దేవుడితో పెద్ద పేచీ లేదు, పెద్ద స్నేహమూ లేదు. ఉంటే ఉన్నాడు, నా పని నాది అనుకునేదాన్ని.

మామయ్య కోపిష్టి అనుకునేరు, అస్సలు కాదు. ఇంట్లో ఎవరి మీదా గొంతెత్తిన మనిషి కాదు. కాకపోతే నమ్మేవాళ్ళతో వాదించేటప్పుడు నవ్వుతారు. "తిట్టినా పడొచ్చమ్మా, ఆ నవ్వుకే నాకు భయం" అనేది అత్తయ్య.

ఆయనకో దగ్గుండేది. గేటు దగ్గరికి రాగానే మొదలయ్యేది, గుమ్మం దాటితే పోయేది. వీధి దుమ్ము పడట్లేదని అత్తయ్య వేణ్ణీళ్ళలో ఉప్పేసి ఇచ్చేది. ఆయన మారుమాట్లాడకుండా పుక్కిలించేవారు. మాకు మాత్రం ఆ దగ్గు మహా ఉపకారం చేసేది. అది వినపడగానే నేను మిషన్ని రెండుసార్లు ఆపి తొక్కేదాన్ని, అత్తయ్య గదిలోంచి ఏదో ఒక డబ్బా పట్టుకుని బయటికొచ్చేది.

ఆ ఎండాకాలం స్కూలు యూనిఫారాల పని నెత్తి మీదుంది. బళ్ళు తెరిచేలోగా ఇవ్వాలి. చొక్కాలు కత్తిరించిన గుట్టలు మంచం కింద, బల్ల మీద, ఆఖరికి ఫ్రిజ్ మీద. అప్పుడు డాక్టరు చెప్పాడు, అత్తయ్య గుండెలో ఒక కవాటం సరిగ్గా మూసుకోవట్లేదని, ఆపరేషన్ చెయ్యాలని.

ఇంటికి రాగానే మామయ్య ఆవిణ్ణి వంటింటి కుళాయి దగ్గరికి తీసుకెళ్ళారు.

"ఇదుగో, గట్టిగా కట్టినా చుక్క పడుతోంది చూడు. లోపల వాషర్ అరిగింది. అది మారిస్తే సరి. నీదీ అంతే."

"కుళాయికి భయముండదుగా" అంది అత్తయ్య.

ఆ రోజునుంచి ఆవిడ గదిలో ఉండే సేపు పెరిగింది. పొద్దున, మధ్యాహ్నం, దీపాలు పెట్టే వేళ. నా యూనిఫారాలు ముందుగానే అయిపోయాయి. ఇంక కుట్టడానికేమీ లేక పనికిరాని పీలికల మీద కుట్టు మీద కుట్టు వేస్తూ కూర్చునేదాన్ని. పిక్కలు లాగేసేవి. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"అంతసేపు ఏమడుగుతారత్తయ్యా? మీ గుండె బాగుచెయ్యమనేనా?"

"నా గురించి అడగడానికి సందేదీ?" అంది. "ముందు మీ మామయ్య సంగతి తేల్చుకోవాలి కదా. నువ్వు లేవంటాడు, పట్టించుకోకు, ఆయన నోరు అంతే, మనసు మంచిది, అని సర్దిచెప్పుకోవాలి. అది అయ్యాక నా సంగతి. నేను బల్ల మీద ఉండగా ఆయన మీది కోపం నా మీద చూపించకూడదు కదా."

నాకు నవ్వొచ్చింది. ఆవిడా నవ్వింది. "ఆ గదిలో నాలుగు మాటలు చెప్పుకుని బయల్దేరితే చాలమ్మా, తర్వాత డాక్టరు ఏం కోసుకున్నా కోసుకోనీ" అంది.

దేవుడు లేనివాళ్ళకి పండగలుండవని అందరూ అనుకుంటారు. మా సంఘానికున్నన్ని ఎవరికీ లేవు. బిడ్డ పుడితే పేరు పెట్టే సభ, మనిషి పోతే జ్ఞాపకాల సభ, పుస్తకాలు మార్చుకునే రోజు. అన్నిటికన్నా పెద్దది ఏడాదిలో పగలు అన్నిటికన్నా పొడుగ్గా ఉండే రోజున వచ్చేది. సైకిల్ షాపు పైన ఉన్న హాల్లో జరుపుకునేవాళ్ళం. ఆ హాల్లో కుర్చీలుండవు. ఎవరి కుర్చీ వాళ్ళు ఇంటినుంచి మోసుకెళ్ళాలి. ఆ సాయంత్రం మా వీధి చూడాలి, నెత్తిన కుర్చీలు, భుజాన స్టూళ్ళు, ఎవరో ఇల్లు ఖాళీ చేసి పారిపోతున్నట్టుండేది.

అక్కడ ఒక ఆచారం ఉంది. ఒక్కొక్కరూ ముందుకొచ్చి, ఇన్నాళ్ళూ నమ్మి ఈ ఏడు వదిలేసిన మాట ఒకటి చెప్పాలి. తప్పని తెలిశాక పట్టుకు వేలాడకపోవడమే మన పండగ అని మామయ్య పెట్టిన పద్ధతి. పద్ధతి పెట్టిన మనిషికే వదలడానికి మాట దొరికేది కాదు. ఒక ఏడు చలికాలంలో చన్నీళ్ళ స్నానం వదిలేశారు. ఇంకో ఏడు కళ్ళజోడు దారం కట్టుకుంటే ముసలితనమన్న మాట వదిలేసి దారం కట్టుకున్నారు. "నాన్నకి తప్పులు సరఫరా ఆగిపోయింది" అని మా ఆయన ఏడిపించేవాడు.

ఆ సాయంత్రం అత్తయ్య కుర్చీ మామయ్యే మోశారు. ఆవిడ బరువులెత్తకూడదు. సభకి అధ్యక్షురాలు మా పళ్ళ డాక్టరమ్మ. ఆవిడ మొదటిగా తన మాటేదో వదిలింది. తర్వాత సైకిల్ షాపాయన లేచాడు.

"మా తమ్ముడు నా మీద చాడీలు చెప్పాడని ఏళ్ళ తరబడి మాటలు మానేశాను. ఈ ఏడు వెళ్ళి మొహం మీదే అడిగాను. చెప్పలేదట. చెప్పింది వేరేవాళ్ళు. ఇద్దరం ఏడ్చాం" అని వచ్చి కూర్చుని ముక్కు చీదుకున్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. ఇలాంటివి చూసే నాకా సంఘమంటే ఇష్టం కలిగింది. ఆ ఇష్టం ఇప్పటికీ పోలేదు.

తర్వాత మామయ్య వెళ్ళారు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"మా ఇంట్లో సామాన్ల గది ఒకటుంది" అన్నారు. "పెళ్ళయినప్పట్నుంచీ నా భార్య అందులో తలుపేసుకుని ప్రార్థన చేస్తోంది. నాకు తెలుసు. తెలియనట్టు నటించాను. గేటు దగ్గర కావాలని దగ్గేవాణ్ణి, ఆవిడ సర్దుకుంటుందని."

ఆ దగ్గు, ఆ ఉప్పునీళ్ళు, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి.

"అది నా పెద్దమనసు అనుకున్నాను. ఈ రోజు ఆ మాట వదిలేస్తున్నాను. సొంత ఇంట్లో మనిషి దాక్కోవాల్సి రావడం ఆవిడ తప్పు కాదు, నాది."

అక్కడితో ఆపి దిగిపోయి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. ఆయన ఆపలేదు. నిజం చెప్తే మొత్తం చెప్పాలి, కాటాలో సగం రాయి వెయ్యకూడదు అనుకునే మనిషి.

"ఏమడుగుతుందో తెలుసా? నా గురించే. 'ఆయన నువ్వు లేవంటాడు, పట్టించుకోకు. ఆయన నోరు అంతే, మనసు మంచిది.'"

ఆ మాటలు అత్తయ్య గొంతుతో అన్నారు. అచ్చం అలాగే, చివర కొంచెం సాగదీసి.

హాలంతా నవ్వింది. వెక్కిరింపు కాదు, ప్రేమగానే నవ్వారు. కొందరి కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి. ఇంత పెద్ద మాట ఆ హాల్లో ఎవరూ ఎప్పుడూ వదల్లేదు. ఆయన మా మామయ్య కావడం నాకు గర్వంగా అనిపించింది. మొదట చప్పట్లు కొట్టింది నేనే. నా వెనక హాలంతా లేచింది.

అప్పుడు అత్తయ్య వైపు చూశాను. ఆవిడ ఒక్కతే కూర్చుని ఉంది. తల వంచుకుని ఒళ్ళో చేతుల వంక చూసుకుంటోంది. మెడ దాకా ఎర్రబడింది. నా చేతులు మధ్యలో ఆగిపోయాయి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మీరేమన్నా చెప్తారా?" అని డాక్టరమ్మ మర్యాదగా అడిగింది.

అత్తయ్య లేచింది. "ఏం లేదండీ. అందరూ టీ తాగండి, చల్లారిపోతోంది" అంది.

ఆవిడ కుర్చీ అక్కడే వదిలేసి మెట్లు దిగిపోయింది. మామయ్యని జనం చుట్టుముట్టి చేతులు కలుపుతున్నారు. నేను రెండు కుర్చీలూ రెండు చేతులా పట్టుకుని పరిగెత్తాను. వీధి చివర అందుకున్నాను. ఇంకా వెలుగు పోలేదు. అంత పొడుగు పగలు ఎందుకొచ్చిందా అనిపించింది.

"నువ్వు చెప్పావా?" అంది, నా వైపు చూడకుండా.

"లేదత్తయ్యా. ఒట్టు. ఆయనకి తెలుసని నాకూ ఇప్పుడే తెలిసింది."

కొంతదూరం నడిచింది.

"మరి చప్పట్లెందుకు కొట్టావు?"

నేను కుర్చీలు రెండూ మోసుకుంటూ ఆవిడ వెనకే నడిచాను.

మర్నాటి నుంచి మామయ్య ఉత్సాహం చూడాలి. సామాన్ల గది ఖాళీ చేశారు. ట్రంకు పెట్టెలు, పాత దుప్పట్లు, విరిగిన కాటా, అన్నీ వరండాలో పడ్డాయి. గోడకి సున్నం వేయించారు. మంచి లైటు పెట్టించారు, మెత్తలున్న కుర్చీ తెచ్చారు. ఆఖరికి స్క్రూడ్రైవర్ తీసుకుని తలుపుకి లోపలున్న గడియ ఊడదీశారు.

"ఇంక దాక్కోవాల్సిన పనేముంది? తలుపు తీసే చేసుకో" అన్నారు.

అత్తయ్య గుమ్మం దగ్గర నిలబడి చూసింది. "గది బాగుంది" అంది. వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆ గదిలో అడుగు పెట్టలేదు. కుట్టాల్సినవి ఉన్నాయా అని నన్ను అడగలేదు. మామయ్య గేటు దగ్గర దగ్గడం మానేశారు, ఆవిడ ఉప్పునీళ్ళు ఇవ్వడం మానేసింది.

సంఘం వాళ్ళు వరసగా వచ్చారు. మంచివాళ్ళు, మంచి మాటలే చెప్పారు. "మీరు హాయిగా చేసుకోండమ్మా, మాకేం అభ్యంతరం లేదు" అన్నారు. అలా అన్నప్పుడల్లా అత్తయ్య తల ఇంకాస్త వంగేది. ఒక్క డాక్టరమ్మ మాత్రం, "మేం నవ్వకుండా ఉండాల్సిందండీ" అంది. అత్తయ్య ఆవిడ చెయ్యి పట్టుకుంది, అంతే.

ఆపరేషన్ తేదీ దగ్గరపడ్డాక అత్తయ్య ఒక మధ్యాహ్నం అందరి ముందూ చెప్పేసింది.

"నేను ఆసుపత్రికి రాను."

మా ఆయన బతిమాలాడు. మామయ్య లెక్కలు చెప్పారు, నూటికి ఎంతమంది బాగై ఇంటికొస్తారో. గోడకి చెప్పినట్టే అయింది.

"ఎందుకు రావు? కారణం చెప్పు" అన్నారు మామయ్య.

"అడక్కుండా నేను ఆ బల్ల ఎక్కలేను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడగను? నేను నోరు విప్పితే నాకు మీ గొంతు వినపడుతోంది. హాలంతా నవ్వినట్టుంటోంది."

"నేను నిజమే కదా చెప్పాను. నీకోసమే చెప్పాను."

"ఎవరి మాట వాళ్ళు వదులుకోవాలని కదండీ మీ సంఘంలో పద్ధతి. మీ దగ్గు వదులుకున్నారు, బాగుంది. గదిలో నేననుకున్నది నాది కదా. అది మీరెట్లా పంచిపెట్టారు?"

మామయ్య నోరు తెరిచారు. రుజువేంటని అడగడానికి అక్కడేమీ లేదు. "కడుపు చించుకుంటే కాళ్ళమీదే పడుతుందంటారు" అంది అత్తయ్య, నెమ్మదిగా. "నాది మీరు చించారు." లేచి గిన్నెలు తోమడానికి వెళ్ళింది. ఆయన అక్కడే కూర్చుండిపోయారు. అంతకుముందు ఆ మొహం మీద సిగ్గు ఎప్పుడూ చూడలేదు నేను. చూడలేక బయటికొచ్చేశాను. నాదీ అదే పరిస్థితి కదా. ఆయన నోటితో చేస్తే నేను చేతులతో చేశాను.

ఆపరేషన్ బాగానే జరిగింది, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. నేను చెప్పదలుచుకున్నది ఆసుపత్రిలో చేరాల్సిన రోజు పొద్దున జరిగింది.

ఆవిడ రానన్నా మా ఆయన కారు మాట్లాడాడు. నేను బట్టల సంచి సర్దాను. అత్తయ్య వంటింటి గుమ్మంలో పీటేసుకుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది, ఆ రోజూ అన్ని రోజుల్లాంటిదే అన్నట్టు.

సామాన్ల గదిలోంచి ఏదో ఈడుస్తున్న చప్పుడొచ్చింది. వెళ్ళి చూస్తే మామయ్య. మెత్తల కుర్చీ వరండాలోకి వచ్చేసింది. లైటు తీసేశారు. ట్రంకు పెట్టెల్ని ఒక్కొక్కటే లోపలికి చేరుస్తున్నారు. చొక్కా చెమటతో తడిసిపోయింది.

"ఈ దుప్పట్లు ఏ పక్కనుండేవమ్మా?"

"తెలీదు మామయ్యా. నేనెప్పుడూ లోపలికి తొంగిచూడలేదు."

"నేనూ చూడలేదు" అన్నారు. "పెరటి గోడ పక్కన నిలబడి విన్నాను."

దుప్పట్లు పెట్టె మీద పెట్టారు. తర్వాత జేబులోంచి గడియ తీసి, పాత చిల్లులకే సరిపెట్టి స్క్రూలు బిగించారు. వేసి చూశారు, తీసి చూశారు. కాటాకి ముద్ర వేసేముందు చూసినంత శ్రద్ధగా చూశారు. బయటికొచ్చి, అత్తయ్యని ఏమీ అనకుండా, ఆవిడ వైపు చూడకుండా, తిన్నగా వెళ్ళి నా మిషన్ ముందు కూర్చున్నారు.

ఆ మనిషి జీవితంలో దాన్ని ముట్టుకోలేదు. కాలు వెయ్యగానే చక్రం వెనక్కి తిరిగి దారం చిక్కుపడి పుటుక్కుమంది. మళ్ళీ తొక్కారు. మళ్ళీ వెనక్కే తిరిగింది.

నేను పక్కకెళ్ళి దారం తీసేశాను. సూది పక్కన గుడ్డని నొక్కిపట్టే పాదం పైకెత్తాను.

"ముందు చక్రాన్ని చేత్తో మీవైపు తిప్పండి మామయ్యా. తిరగడం మొదలయ్యాక తొక్కండి."

అలాగే చేశారు. మిషన్ కదిలింది. దారం లేదు, గుడ్డ లేదు. సూది ఊరికే పైకీ కిందికీ ఆడుతోంది. ఇల్లంతా టకటకమని నిండిపోయింది.

అత్తయ్య చేతులు ఆగాయి. చాలాసేపు ఆయన వీపు వంక చూసింది.

"ఆ మిషన్ పాడైపోతుందమ్మా. ఆయనకి చెప్పు" అంది నాతో.

జవాబు నేనే చెప్పాను.

"కుట్టాల్సినవి చాలా ఉన్నాయటత్తయ్యా."

ఆవిడ చేతిలో ఉన్న కాయ ఒలిచి గిన్నెలో వేసింది. గిన్నె పక్కన పెట్టింది. చేతులు తుడుచుకుని లేచి, మమ్మల్ని దాటుకుంటూ సామాన్ల గదిలోకి వెళ్ళింది. లోపల గడియ పడింది.

మామయ్య ఇంకా గట్టిగా తొక్కడం మొదలుపెట్టారు. ఆయన మొహం చూడడానికి నాకు సిగ్గేసి వెనకే నిలబడ్డాను. బయట కారు హారన్ కొట్టింది. మా ఆయన లోపలికొచ్చి ఏదో అడగబోయి నన్ను చూసి ఆగిపోయాడు. హారన్ మళ్ళీ కొట్టింది. గడియ తీసేదాకా ఆపకూడదని నేనాయనకి చెప్పనేలేదు. ఆయన కాలు ఆపలేదు.